కాచిన నీళ్లు

ఆ రోజు ఇంట్లో ఉన్నది మగ్గం గుంటలో బాపు, పొయ్యి దగ్గర అమ్మ, గడప పక్కన కొడవలిలా వంగి కూర్చున్న అవ్వ, గోడకు ఆనుకుని కాళ్లు చాపిన చెల్లె కౌసల్య, మజ్జిగ కోసం వచ్చి తలుపు చాటున నిలబడ్డ హలీమత్త, దవాఖాన నుంచి వచ్చిన కాంపౌండరు, నేను. నన్ను చివర చెప్పుకోవడం నాకు అలవాటు. ఇంటికి ఎవరొచ్చినా గోడవార నీడలో నిలబడేదాన్ని. నాకు మాటలు నోట్లోంచి రావు. డైరీలో రాసుకుంటాను. ఆ ఎండకాలం అందులోకి కూడా సరిగా రాలేదు. రెండేళ్ల తర్వాత ఇప్పుడు రాస్తున్నాను.

అది ఎనభై ఏడు. పదో తరగతి పరీక్షలు అయిపోయాయి. అంతకుముందు రెండు వానాకాలాలు ఎగ్గొట్టాయి. చెరువులో మట్టి పెంకుల్లా లేచింది. ఊరంతా బోరింగు నీళ్లే తాగుతోంది.

కాంపౌండరు కౌసల్య రెండు పాదాలూ దగ్గరికి చేర్చాడు. పాదాలు కలిశాయి కానీ మోకాళ్లు కలవలేదు. మధ్యలో ఆయన పిడికిలి పట్టింది. అవ్వ వైపు తిరిగాడు.

"తల జర పైకెత్తవ్వా."

"ఎత్తలేను బిడ్డా. నీ మొఖం ఎట్లున్నదో గని, నీ చెప్పులైతే మంచిగున్నయి" అంది అవ్వ.

ఆయన నవ్వబోయి ఆగిపోయాడు. "బోరింగు నీళ్లల్లనే ఉన్నదమ్మా అంత. ప్లోరైడు. బొక్కలకు పడ్తది. పెద్దోల్లకు పట్టింది ఇగ పోదు. గీ చిన్నపొల్లకన్న మంచినీళ్లు దొరకబట్టుండ్రి."

"మేమంటే ఉత్తగనే తాగుతం సార్" అంది అమ్మ. "గీ హలీమొదినె మటుకు రోజూ నీళ్లు కాగబెట్టి, సల్లారబెట్టి పోస్తది నూరుద్దీనన్నకు. ఏండ్లసంది. మేం గూడ గట్ల చేస్తే అయితదా?"

అమ్మ మెచ్చుకోలుగానే అంది. హలీమత్త కొంగు సర్దుకుని కొంచెం ముందుకు జరిగింది.

"కాగబెడ్తే పురుగులు సస్తయమ్మా. ఇది పురుగు గాదు" అన్నాడు కాంపౌండరు సంచి మూస్తూ. "ఉప్పు నీళ్లు కాగబెడ్తే ఉప్పు పోతదా? నీళ్లు ఆవిరైతయి, ఉప్పు మిగుల్తది. గిదీ అంతే. కాగినకొద్ది ఎక్కువైతది."

"ఎక్కువైతదా?" అంది హలీమత్త.

"మరి?"

మగ్గం ఒకసారి ఆగి మళ్లీ మొదలైంది. కాంపౌండరు ఇంకో ఇంటికి వెళ్లాడు. కాసేపటికి అమ్మ మజ్జిగ పోద్దామని చూస్తే హలీమత్త లేదు. గిన్నె గడప దగ్గరే ఉంది.

హలీమత్త ఇల్లు మా దొడ్డి గోడకు అవతల. నూరుద్దీన్ మామ మా అమ్మను చెల్లె అంటాడు. అందుకే నాకు మామ. కలాయి పూసేవాడు. కొలిమి తిత్తి సైకిలుకు కట్టుకుని దేవరకొండ దాకా ఊళ్లు తిరిగేవాడట. మా ఇంట్లో ఇత్తడి పళ్లేలకు, గిన్నెలకు ఆయన పూసిన కలాయే. స్టీలు గిన్నెలొచ్చి పని తగ్గింది, మెడ పట్టేసి పని ఆగిపోయింది. మెడ తర్వాత నడుము, నడుము తర్వాత మోకాళ్లు. గడ్డం రొమ్ముకు ఆనుకుని ఉండేది. మనుషులను పాదాలు చూసి గుర్తుపట్టేవాడు. పిల్లలు లేని ఇల్లు. తెల్లవారకముందే ఆ ఇంటి కప్పు మీద పొగ లేచేది. అన్నానికి కాదు, మామ తాగే నీళ్లకు. ఊరికి వచ్చిన నర్సు ఎప్పుడో నీళ్లు కాచి తాగమని చెప్పింది. అప్పటినుంచి హలీమత్త ఒక్కరోజూ మానలేదు. కంపలు ఏరుకొచ్చి, పొగలో దగ్గుకుంటూ, కుండెడు నీళ్లు ముక్కాలు కుండ అయ్యేదాకా కాచేది.

మర్నాడు పొద్దున ఆ కప్పు మీద పొగ లేదు. ఆ తర్వాత కూడా ఆ వేళకు లేవలేదు.

*

బాపు నాలుగు ఊళ్లు అడిగి చివరికి గుట్టల అవతల కురుమయ్య బాయి దొరకబట్టాడు. ఆ బాయి నీళ్లు తియ్యగా ఉంటాయి. ఎడ్లు తాగాక మిగిలినవి తోడుకోమన్నాడు కురుమయ్య. బాపు చీకటితోనే సైకిలుకు రెండు డబ్బాలు కట్టుకుని వెళ్లి, ఎండ ఎక్కాక వచ్చి, చెమట ఆరకముందే మగ్గంలో కూర్చునేవాడు. అమ్మ ఆ నీళ్లను పాల కంటే భద్రంగా చూసేది. కౌసల్య కడవకు వేరే గుడ్డ, వేరే ముంత. మిగిలినవాళ్లకు మనిషికి చెంబుడు. చెంబు అయిపోతే బోరింగే.

"పండ్లు తోముకునేటప్పుడు బోరింగు నీళ్లు మింగకు" అని కౌసల్యకు రోజూ చెప్పేది.

"మింగుతలేనే. పుక్కిలిస్తున్న."

"చప్పుడు మింగినట్టొచ్చింది."

"నువ్వు నా గొంతుల కూసున్నవా?"

అప్పుడే రంజాన్ నెల మొదలైంది. అమ్మ గోడ మీంచి తొంగిచూసి కోప్పడింది.

"అన్నా, గీ ఎండల ఒక్కపొద్దులేందే? పానం బాగలేనోల్లకు మాఫీ ఉంటది గద!"

"మాఫీ ఉన్నది చెల్లె. మల్ల యేటికి నేనుంటనని పట్టా ఉన్నదా?" అన్నాడు మామ కింది నుంచి.

ఒకరోజు సాయంత్రం మరిచిపోయిన మజ్జిగ గిన్నె ఇచ్చి రమ్మని అమ్మ నన్ను పంపింది. మామ అరుగు మీద గోడకు ఆని ఉన్నాడు. హలీమత్త గ్లాసుతో నీళ్లు, ఆకు తెంపిన బొప్పాయి కాడ తెచ్చింది. బొప్పాయి కాడ లోపల బోలుగా ఉంటుంది. మామకు తల లేవదు కాబట్టి గ్లాసు వంచితే నీళ్లన్నీ గడ్డంలోకి పోతాయి. అందుకని కాడ పెట్టుకుని పీల్చేవాడు. గ్లాసును ఆయన నోటికి కింద ఎవరైనా పట్టుకోవాలి.

మజీదు దగ్గర ఒక్కపొద్దు విడిచే బాంగు వినబడింది. హలీమత్త గ్లాసు పట్టుకుని ఆయన ముందు నిలబడింది. నిలబడే ఉంది. బాంగు అయిపోయింది. చెయ్యి ముందుకు రాలేదు.

"హలీమా" అన్నాడు మామ.

"నువ్వియ్యి మైసమ్మా" అంటూ నా చేతిలో గ్లాసు పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

నేను ఎప్పుడూ ఎవరికీ అట్లా నీళ్లు తాగించలేదు. అరుగు కింద మోకాళ్ల మీద కూర్చున్నాను. ఇంకా కిందికి పోతే తప్ప కాడ ఆయన నోటికి అందలేదు. రెండు అరచేతుల్లో గ్లాసు పెట్టుకుని, తల నేల దాకా వంచేశాను. నాకు మట్టి తప్ప ఏమీ కనబడటం లేదు. కాడలోంచి నీళ్లు పైకెక్కే చప్పుడు వినబడింది. చిన్న చప్పుడు. ఆగి, మళ్లీ ఎక్కి, ఆగి. ఆ నీళ్లు ఎట్లాంటివో నాకు తెలుసు. ఆయనకు తెలుసో లేదో తెలియదు. పగలంతా ఎండలో నోరు కట్టుకుని ఉన్న మనిషికి నా చేతులతో నేను ఇస్తున్నది అదే.

మర్నాడు నా చెంబు మూతపెట్టుకుని వెళ్లాను.

మొదటి గుటకకే మామ ఆగాడు. "గివి ఏడియి?"

"మంచినీళ్లు" అన్నాను.

"గది నాలికకు తెలుస్తలేదా? ఏడియని."

"బాపు తెచ్చిండు."

"రామచంద్రం పంపిండా!" అన్నాడు. నేను అవుననలేదు, కాదనలేదు. నేను మాట్లాడకపోతే ఎవరూ వింతగా చూడరు.

అట్లా ఆ నెలంతా సాయంత్రం బాంగు వేళకు వెళ్లేదాన్ని. హలీమత్త బొప్పాయి కాడ కడిగి అరుగు మీద పెట్టి ఉంచేది. ఇల్లు ఊడ్చేది, రొట్టె చేసేది, ఆయన కాళ్లకు నూనె రాసేది. నీళ్లు మాత్రం ఇచ్చేది కాదు. ఆమె తాగే నీళ్లు కూడా ఆమె చేతిలో బరువుగా కనబడేవి.

ఒకరోజు తాగడం అయ్యాక మామ అన్నాడు: "నమాజుల నుదురు నేలకు ఆనాలె మైసమ్మా. నాకు నడుము ఒంగింది గని నుదురు నేల దాక పోతలేదు. నడుమల్నే ఆగిపోయిన. నువ్వేమో రోజూ నా ముందల నేల దాక ఒంగుతున్నవ్. ఎవల నమాజు ఎవలు చేస్తున్నరో పైనోనికే ఎర్క."

"పొల్లతోని గవేం మాటలు" అంది లోపలి నుంచి హలీమత్త.

"ఇంకేం మాటలు జెప్పాలె? పాదాల సంగతి జెప్పాల్నా? మైసమ్మా, నీ కాలి రెండో వేలు బొటనవేలి కంటె పెద్దగున్నది. మొగుణ్ని ఏలుతవ్."

నేను కాళ్లు లంగాలోకి లాక్కున్నాను. ఆయన నవ్వితే భుజాలు కదిలాయి, తల కదల్లేదు.

*

అవ్వ కనిపెట్టింది. దొడ్లో నేను బోరింగు నీళ్లు తాగుతుంటే వెనక నుంచి కర్ర చప్పుడు.

"నీ చెంబేడ పాయె?"

మూతి తుడుచుకున్నాను.

"రోజూ పొద్దుగూకంగ గోడ పక్కపొంటి నీ చెంబు నీడ పోతాంది. నాకు కండ్లు నేల మీదనే ఉంటయి మరి. మీ అమ్మకు తెలిస్తే ఈపు పలగ్గొడ్తది."

"చెప్తవా అవ్వా?"

అవ్వ కాసేపు కర్రతో మట్టి గీకింది. "రేపటిసంది నా చెంబుల నీళ్లు సగం నువ్వు తాగు. నేను ఇంకెంత ఒంగుతనే? మన్ను దాకనే గద."

కొన్నాళ్లు అవ్వ నీళ్లు తాగాను. తర్వాత అవీ లేవు. ఎండలు ముదిరి కురుమయ్య బాయిలో రాయి తేలింది. ఒకరోజు బాపు ఒక్క డబ్బా తెచ్చాడు, అదీ సగం.

"నా ఎడ్లకే సాల్తలెవ్వు రామచంద్రం, ఏమనుకోకన్నడు కురుమయ్య" అన్నాడు బాపు. "ఏమనుకుంట? ఎడ్ల కండ్లు సూస్తే నాకే సిగ్గైంది."

ఆ రోజు బాపు మగ్గం గుంటలో కాళ్లు వేసుకుని నేయకుండా కూర్చున్నాడు. లేచేటప్పుడు అమ్మ చెయ్యి అందించాల్సి వచ్చింది.

అప్పటినుంచి అమ్మ కౌసల్య కడవ నింపి, అడుగున మిగిలింది నా చెంబులో పోసేది. "ఎదిగే పిల్లవు. పెద్దోల్లకు పట్టింది పోదన్నడు గద ఆ సారు" అనేది. అమ్మ, బాపు, అవ్వ బోరింగుకు మళ్లారు. నా చెంబులో ఉన్నవి ముగ్గురు మానుకున్న నీళ్లు. ఆ సంగతి నాకు బాగా తెలుసు. తెలిసే మూత పెట్టుకుని గోడ పక్క నుంచి వెళ్లేదాన్ని. కాడలోంచి నీళ్లు ఎక్కే చప్పుడు వినకుండా ఆ రోజు ముగిసేది కాదు నాకు. అమ్మ దీపం పెట్టి దండం పెట్టుకునేటప్పుడు నేను పక్కన నిలబడి ఏమీ కోరుకోలేకపోయేదాన్ని. ఆ చప్పుడు దగ్గర మాత్రం నాకు ఏదో మొక్కినట్టుగా ఉండేది. ఏం మొక్కానో, ఎవరికి మొక్కానో చెప్పలేను. అది తీరే మొక్కు కాదని మాత్రం తెలుసు.

ఆ నడుమనే అమ్మ కౌసల్యను బస్సులో పానగల్ గుడికి తీసుకువెళ్లింది. అయ్యగారు తీర్థం ఇస్తే కౌసల్య చెయ్యి చాపి, తాగకుండా అమ్మ వైపు చూసిందట.

"అమ్మా, గీ నీళ్లు మంచియేనా?"

ఇంటికొచ్చి అమ్మ ఈ మాట చెప్పి నవ్వింది. అవ్వ నవ్వింది. తర్వాత అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దొడ్లోకి వెళ్లింది, చాలాసేపు రాలేదు.

*

మా ఊళ్లో రంజాన్ చంద్రుణ్ని మొదట చూసేది నూరుద్దీన్ మామే. చిన్నప్పుడు పిల్లలమంతా ఆయన వెనక గుట్ట మీదికి పరుగెత్తేవాళ్లం. ఆయన వేలు పెట్టి చూపిస్తే తప్ప ఎవరికీ కనబడేది కాదు. ఆయన చూశాకే మజీదు దగ్గర ఒకరినొకరు కౌగిలించుకునేవాళ్లు. మెడ పట్టేశాక ఆ పని మజీదు దగ్గరి కుర్రాడు వహీద్‌కు వచ్చింది.

"వహీదు వచ్చి చెప్తడు, సూసినం చిచ్చా అని" అన్నాడు మామ నెల ముగిసే రోజుల్లో. "వింటే సూసినట్టు అయితదా మైసమ్మా? ఇగ ఒక్కపారి సూస్తే సాలు. గదే నా ఆశ. గిదొక పిచ్చి."

నాకు గ్రహణం గుర్తొచ్చింది. సూర్యగ్రహణం పట్టినప్పుడు మా ఇళ్లల్లో పళ్లెంలో పసుపు నీళ్లు పోసి అందులో చూస్తాం. తల ఎత్తనక్కర్లేదు. చంద్రుడు కనబడాల్సిన సాయంత్రం మా ఇంటి పెద్ద ఇత్తడి పళ్లెం దొడ్డి గోడ మీంచి దించి, అందులో బోరింగు నీళ్లు పోసి మామ పాదాల దగ్గర పెట్టాను. ఆయన కర్ర పట్టుకుని దొడ్లో పడమటి వైపు గుట్టలకు ఎదురుగా కూర్చున్నాడు. హలీమత్త వెనక నిలబడింది.

మామ పళ్లెంలోకి చూశాడు. చాలాసేపు చూశాడు.

"కనబడ్తాందా మామా?"

"ఆకాశం కనబడ్తాంది బిడ్డా" అన్నాడు. "ఒక కొంగ పోయింది. ఆకాశం గింత పెద్దగుంటదని యాది మర్సిన."

"మరి సందమామ?"

"గది నడినెత్తి మీద ఎందుకుంటది పిచ్చిపొల్లా! గుట్ట మీద, జానెడు పైన. గీ పళ్లెంల నడినెత్తి ఒక్కటే కనబడ్తది." పళ్లెం అంచు కర్రతో తట్టాడు. "నేను పూసిన కలాయే గద ఇది. నా లెక్కనే మాసింది."

గుట్ట వెనక ఎరుపు తగ్గిపోతోంది. ఇంకాసేపట్లో చంద్రుడు కూడా దిగిపోతాడు. మజీదు దగ్గర జనం మాటలు వినబడుతున్నాయి, ఇంకా ఎవరూ చూసినట్టు లేదు. అప్పుడు బాపు గడ్డం గీసుకునే అద్దం గుర్తొచ్చింది. గోడ దూకి వెళ్లి, మేకు నుంచి అద్దం తీసుకుని వచ్చాను. మామ ముందు నేల మీద కూర్చుని, అద్దాన్ని గుట్టల వైపు వాల్చాను.

"ఇంకొంచెం అటు. ఆఁ... మన గుట్ట. తలకిందులున్నది" అన్నాడు. "మంచిగున్నది. మన ఊరిని గిట్లనే సూడాలె. ఇంకొంచెం... ఒంటి తాటిచెట్టు వచ్చింది. ఆగు. కదలకు."

నేను ఊపిరి బిగబట్టాను.

మామ పెదవులు కదిలాయి. తర్వాత గట్టిగా, నేను ఎప్పుడూ వినని గొంతుతో అరిచాడు.

"వహీదూ! ఒంటి తాటికి ఎడమ దిక్కు! జానెడు పైన!"

కాసేపటికి మజీదు దగ్గర ఒక్కసారిగా అరుపులు. "ఉన్నది చిచ్చా! ఉన్నది!" తర్వాత ఎవరో: "అరే, ఆయనెట్ల సూసిండ్రా?"

మామ భుజాలు కదిలాయి. ఆయన కళ్ల నీళ్లు కారడానికి కూడా దారి లేదు, ముక్కు కొన నుంచి తిన్నగా అద్దం మీద పడ్డాయి. లంగాతో తుడిచాను.

"మైసమ్మా, ఇగ గా అద్దం మీ అత్త దిక్కు తిప్పు."

తిప్పాను. హలీమత్త కొంగుతో ముఖం కప్పుకుంది.

"నికా నాడు గూడ గిట్లనే దాసినవ్" అన్నాడు మామ. "పెద్దోల్లు మా ఇద్దరి నడుమ అద్దం పెట్టిండ్రు మైసమ్మా. మావోల్లల్ల గదే ఆచారం. అద్దంలనే మొదటిపారి మొఖం సూసుకునుడు. ఇది కండ్లు మూసుకున్నది. నేను తెల్లారిందాక ఇది గుడ్డిదనుకున్న."

హలీమత్త నవ్వలేదు. కొంగు లోపలి నుంచి అంది: "నా మొఖం సూడకు. కాగబెట్టి కాగబెట్టి నేనే నిన్ను గిట్ల..."

"ఎర్కే."

కొంగు దిగింది. అద్దంలో ఆమె ముఖం నాకు తలకిందులుగా కనబడింది.

"కాంపౌండరు ఆ దినమే గీ అరుగు మీద కూసోని చెప్పిండు" అన్నాడు మామ. "నీకు చెప్పొద్దనుకున్న. నీకు గూడ ఎర్కే అని తర్వాత తెలిసింది, పొయ్యి బంద్ చేసినవ్ గద."

"మరి ఒక్క మాటన్న అనలేదేంది నన్ను?"

"ఏమనాలె? నువ్వు పొయ్యి ఊదినవ్, నేను తాగిన. ఇద్దరికీ తెల్వదు."

హలీమత్త లోపలికి వెళ్లిపోయింది. గిన్నెలు కదిలిన చప్పుడు వినబడింది.

నేను అద్దం తీసుకుని లేచాను.

"ఆగు. మల్ల కూసో" అన్నాడు మామ.

కూర్చున్నాను.

"మల్ల లెవ్వు."

లేచాను. అప్పుడు నాకూ తెలిసింది. లేచేటప్పుడు అరచెయ్యి నేలకు ఆనించాను.

"ఎప్పటిసంది?"

"ఏంది మామా?"

"చెయ్యి ఆన్సుడు. నాకు గూడ గట్లనే మొదలైంది." ఆయన నా పాదాల వైపే చూస్తున్నాడు. "నెలసంది నాకు తెచ్చే నీళ్లు ఎవలయి?"

"ఇంట్లయి."

"ఇంట్ల ఎవలయి?"

నేను మాట్లాడలేదు. ఈసారి నా మౌనం ఆయనకు సరిపోలేదు. పళ్లెంలో నీళ్లు చీకటిగా ఉన్నాయి. పళ్లెం అక్కడే వదిలేసి, అద్దం చంకలో పెట్టుకుని గోడ దాటి వచ్చేశాను. నెల రోజులు మానితే పోయేది కాదది, నెల రోజులు తాగితే వచ్చిందీ కాదు. పుట్టినప్పటినుంచి తాగిన నీళ్లు. ఇప్పుడు ఈ సంగతి తెలుసు. అప్పుడు మాత్రం రాత్రంతా మోకాళ్లు పట్టుకుని పడుకున్నాను.

*

పండుగ పొద్దున హలీమత్త సేమ్యా తెచ్చింది. గిన్నె కౌసల్య చేతిలో పెడుతూ, "తిను బిడ్డా. ఉత్త పాలల్లనే ఉడికిచ్చిన. సుక్క నీళ్లు పొయ్యలే" అంది. కౌసల్య గిన్నె అంచు కూడా నాకింది. హలీమత్త నా వైపు చూడలేదు. ఇత్తడి పళ్లెం తోమి తెచ్చి గోడకు ఆనించి వెళ్లింది.

ఆ రోజు బాపు ఖాళీ డబ్బాలతో తిరిగొచ్చాడు. బాయి ఎండిపోయి కురుమయ్య ఎడ్లను అమ్మకానికి తోలుకుపోయాడట. అమ్మ కౌసల్య కడవలో చెయ్యి పెట్టి చూసి, కాసేపు అట్లాగే నిలబడి, అందులోంచే ఒక ముంతెడు నా చెంబులో పోసింది. "గివే ఆఖరి. మెల్లగ తాగు" అంది.

ఒక్కపొద్దులు అయిపోయాయి. ఇక బాంగు వేళకు పోవాల్సిన పని లేదు. అయినా పొద్దుగూకుతుంటే నా కాళ్లు ఆగలేదు. చెంబు మీద మూత పెట్టుకుని గోడ పక్క నుంచి వెళ్లాను.

హలీమత్త గడపలో నిలబడి ఉంది, నా కోసమే అన్నట్టు. పండుగకని ఉతికిన చీర కట్టుకుంది. ఆమె వెనక, తలుపు పక్కనే గోడకు ఆని మామ కూర్చున్నాడు. ఆయన పక్కన గ్లాసులో నీళ్లు. బోరింగువే. కాచినవి కావు, పొయ్యి చల్లగా ఉంది. గ్లాసు మీద అడ్డంగా కొత్త బొప్పాయి కాడ.

"అది ఇటియ్యి" అంది.

చెంబు ఇచ్చాను. మూత తీసి చూసింది. దాన్ని తిరిగి నా నోటి దగ్గర పెట్టింది.

"తాగు."

"మామకు..."

"తాగుమన్న."

తాగాను. ఎంత తియ్యగా ఉన్నాయో ఆ నీళ్లు. నెల రోజులుగా మోశాను కానీ రుచి మరిచిపోయాను. మధ్యలో ఆగబోతే ఆమె చెంబు ఇంకాస్త ఎత్తింది. ఖాళీ అయ్యాక బోర్లించి చూసి, నా చేతిలో పెట్టి, కొంగుతో నా మూతి తుడిచింది.

"ఇగ మల్ల చెంబు పట్టుకోని గీ గడప తొక్కితే మీ అమ్మకు చెప్త."

"ఉత్తగ రానా అత్తా?"

"ఉత్త చేతుల్తోని నువ్వొస్తవా? నాకెర్క లేదా నీ సంగతి?"

"హలీమా" అన్నాడు మామ లోపలి నుంచి. "దూపైతాంది."

ఆమె వెనక్కి తిరగకుండా నిలబడింది. ఆ మాట నెల రోజులుగా నేను వినలేదు. దాహమైనా ఆమెను అడగకుండా నా కోసం కూర్చునేవాడు. ఇప్పుడు మళ్లీ అడిగాడు.

"వస్తున్న" అంది హలీమత్త.

లోపలికి వెళ్లి మోకాళ్ల మీద కూర్చుంది. కాడను గ్లాసులో పెట్టింది. నేను గడప బయటే నిలబడి చూస్తున్నాను. తల వంచింది, ఇంకా వంచింది, నుదురు నేలకు ఆనేదాకా. ఒక చేత్తో గ్లాసు ఆయన నోటి కిందికి ఎత్తి పట్టుకుని, తల ఎత్తకుండానే, రెండో చెయ్యి వెనక్కి చాపి తలుపు రెక్కను వెతికి, నా ముఖం మీదికి మెల్లగా తోసేసింది.